పోగు తెగితే చదువు ఆగాలి

మా శ్రీరంగప్ప మామకు కుళ్లు ఎక్కువ. ఈ మాట ఆయన మొగం మీదనే చెప్పినా. "ఉంటే ఏమిరా? నీకు లేదా?" అన్నాడు. నాకూ ఉంది. కాకపోతే నాది చేతకాని కుళ్లు, లోపల్లోపలే ఉడుకుతుంది. ఆయనది పని చేసే కుళ్లు.

ధర్మవరంలో లింగన్న పట్టు మగ్గాల షెడ్డు మాది. మాదంటే మేము సొంతదార్లం కాదు, అందులో నేసేవాళ్లం. అనంతపురంలో ఇంజనీరింగు మధ్యలో వదిలేసి వచ్చి నేను కిటికీ పక్క మగ్గంలో కూర్చున్నా. ఎందుకు వదిలేసినావని మాత్రం అడగొద్దు, అందరికీ చెప్పి చెప్పి విసుగొచ్చింది. కుదురు లేదు, అంతే. మామ మా అమ్మకు అన్న. నేను పుట్టకముందు నుంచి ఆయన ఆ షెడ్డులోనే ఉన్నాడు. మోకాళ్లు బాగున్నన్నాళ్లు మగ్గం గుంతలో, అవి పట్టేసినాక కుర్చీలో.

ఆ కుర్చీ సంగతి చెప్పాలి. మా ఊళ్లో ప్రాంత గ్రంథాలయ సంఘం అని ఒకటుంది. బ్యాటరీల అంగడి మీద ఒక గది, అంతే దాని ఆస్తి. నేతగాడికి మగ్గం దిగి గ్రంథాలయానికి వచ్చే తీరిక ఉండదు కాబట్టి పుస్తకాలే మగ్గం దగ్గరికి పోవాలని వాళ్ల లెక్క. రేకుపెట్టెల్లో పుస్తకాలు సర్ది షెడ్లకు పంపుతారు. చేతుల్లో అటూ ఇటూ విసిరే నాడె, కాళ్ల కింద తొక్కే పలకలు ఉన్నవాడికి పుస్తకమిస్తే ఏం చేసుకుంటాడు? అందుకని షెడ్డుకొక మనిషి కుర్చీ వేసుకొని గట్టిగా చదువుతాడు. మేము నేస్తూ వింటాం. బయట వసారాలో నాడెల్లోకి దారం కండెలు చుట్టే ఆడవాళ్లు కూడా వింటారు.

దీనికి ఒకటే కట్టుబాటు. ఎవరి మగ్గం మీద పోగు తెగినా వాళ్లు "పోగు!" అని అరవాలి. చదివే మనిషి ఏ మాట దగ్గరుంటే ఆ మాట దగ్గరే ఆపేయాలి. తెగిన పోగు అతుక్కొని ఆ మనిషే "చదువు!" అన్నదాకా మళ్లీ నోరు తెరవకూడదు. ఒకడు పోగు వెతుక్కుంటా ఉంటే కథ ముందుకు పోవడం న్యాయం కాదు. చదువు ఆగితే మాకు కాళ్లు ఆడవు. మిగతా మగ్గాలు కూడా ఆగిపోతాయి. నడుములు సాగదీసుకుంటాం, నీళ్లు తాగుతాం.

మామ ఆ కుర్చీలో కూర్చుంటే రాజే. అన్నం తిని, తలకు నూనె రాసుకొని, సొంబు నిండా మజ్జిగ తాగి, గొంతు సవరించుకొని మొదలుపెట్టేవాడు. దొంగకు దొంగ గొంతు, అత్తకు అత్త గొంతు. కుక్క వస్తే మొరిగేవాడు కూడా. పెళ్లిళ్లకు పోతే ఎవురప్పా నువ్వు అని అడిగినవాళ్లతో "చదివే శ్రీరంగప్పను" అనేవాడు. బడి పదో తరగతి దాటలేదు గానీ బజ్జీలు తిన్నాక నూనె కాగితం కూడా అటూ ఇటూ తిప్పి చదివే రకం. నాకు చిన్నప్పుడు ఆయన మాదిరి కావాలని ఉండేది. పెద్దయినాక ఆయన కుర్చీ కావాలని ఉండింది.

ఆయన చదివినవాటన్నిట్లోకి మా షెడ్డుకు ఇష్టమైంది బావి తవ్వే అన్నదమ్ముల కథ. అట్ట చినిగిన పాత నవల. కరువు ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు. అందరూ నవ్వుతాండినా చిన్నోడు వీరేష్ తవ్వేది ఆపడు. ఆఖర్న గడ్డపార మొన తడుస్తుంది, నీళ్లు ఎగదన్నుతాయి. ఆ పూట నేత సాగలేదంట. ఆ నీళ్లు మా ఇండ్లల్లోకే వచ్చినట్లు అందరూ చప్పట్లు కొట్టినారంట. మా చుట్టూ బోర్లు ఎండిపోయిన ఏడు అది. కండెలు చుట్టే రామాంజినమ్మ ఆ తర్వాత పుట్టిన మనవడికి వీరేష్ అనే పేరు పెట్టుకుంది. ఆ పిల్లోడు ఇప్పుడు బడికి పోతాండాడు.

ఇట్లా ఉన్న ఆయన బతుకులోకి శిక్షణ వచ్చి పడింది.

సంఘం కార్యదర్శి అరుణజ్యోతి మేడం ఒకనాడు షెడ్డుకు వచ్చి, చదివేవాళ్లందరికీ అనంతపురంలో శిక్షణ పెట్టినామని చెప్పింది. మామకు మండిపోయింది.

"నాకు చదవడం నేర్పిస్తారా మేడం? నేర్పేవాడు యాడుండాడు, చూపియ్యండి. ముందు వాడు నా కాడ నేర్చుకోవాల."

"అందరూ వస్తాండారు రంగప్పా. నువ్వు రాకుంటే వేరేవాళ్లను పంపాల్సొస్తాది."

"పంపుకోండి. ఎవురు వింటారో నేనూ చూస్తా."

నేను మెల్లగా మగ్గంలోంచి లేచి మేడం వెనక మెట్ల దాకా పోయినా. నేనొస్తా మేడం శిక్షణకు, అన్నా. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "నీకు గొంతుండాది ఓబిలేషూ. కూర్చునే ఓపిక లేదు" అని చెప్పి స్కూటీ ఎక్కి పోయింది. చదువు మధ్యలో వదిలేసినోణ్ని కదా, ఎవరైనా ఏమైనా అనొచ్చు.

పై వారం శిక్షణ ముగించుకొని సమీనా వచ్చింది. కొత్త పడుగు పోగుల్ని పాత వాటికి అతికే పనికి ఇంటింటికీ తిరిగే హబీబా కూతురు. డిగ్రీ పూర్తి చేసింది. నేనది కూడా చేయలేదు. మగ్గం నేయడం, పోగు అతకడం దానికి నడక నేర్చినప్పటి నుంచే తెలుసు. నెల రోజులు చదువుతుంది, ఆ తర్వాత కుర్చీ ఎవరిదో షెడ్డులో వాళ్లు చేతులెత్తి తేల్చుకోండి అని మేడం చెప్పింది.

సమీనా మెడలో మైకు వేసుకొని వచ్చింది. నడుముకు చిన్న స్పీకరు.

"ఏం పాపా, టమాటాలు అమ్మను వచ్చినావా?" అన్నాడు మామ.

"లేదు మామా. ఆఖరి మగ్గం దాకా వినపడాలని" అనింది ఆ పిల్ల.

"నా గొంతు ఆఖరి మగ్గం దాటి పక్క వీధికి వినపడతాంది, తెలుసునా?"

"అందుకే మామా పక్క వీధోళ్లు నన్ను పంపిచ్చినారు."

వసారాలో ఆడవాళ్లు పడీపడీ నవ్వినారు. మామ నవ్వలేదు.

సమీనా చదువులో గొంతులు మార్చడం లేదు, కుక్క మొరగడం లేదు. ఉన్నది ఉన్నట్లు, తొందర లేకుండా చదువుతుంది. మొదటి రోజు మాకు చప్పగా అనిపించింది. రెండో రోజు ఆ చదువు వినడానికి మగ్గాల దెబ్బ మెత్తబడింది. ఆ తర్వాత ఫోన్లో వీడియోలు చూసే లింగన్న కూడా ఫోను బోర్లించి పెట్టినాడు. మామ షెడ్డు గడపలో పుస్తకాల పెట్టె తాళం పట్టుకొని నిలబడి, ఎవరెవరు వింటాండారో చూస్తా ఉండినాడు. నేనూ చూసినా. అందరూ వింటాండారు. నేను కూడా. అదే నాకు మంట.

"ఎట్ల చదువుతాంది?" అని సాయంత్రం ఇంటికి పోతా అడిగినాడు.

"బాగనే చదువుతాంది."

"బాగనే అంటే?"

"బాగా చదువుతాంది మామా."

"నీ కండ్లు మండ" అని నడక పెంచినాడు. ఆ మోకాళ్లతో నా కంటే ముందు పోయినాడు.

మర్నాడు రామాంజినమ్మ వసారాలోంచి కేకేసింది. "పాపా, మా వీరేష్ కత చదువు. పిల్లోడు పెద్దోడయినాడు, వానికి ఆ కత నేను మల్ల విని చెప్పల్ల." పుస్తకం పెట్టె అడుగున ఉంది. సమీనా బయటికి తీసింది.

మామ మొగం చూడాల్సింది. "అది నేను చదివిన పుస్తకం!" అన్నాడు, ఎవరో ఆయన పంచె ఎత్తుకుపోయినట్లు.

"ఇంగొకరు చదివితే అక్షరాలు అరిగిపోతాయా అన్నా?" అనింది రామాంజినమ్మ.

ఆ మరుసటి రోజు మామ ఖాళీగా ఉన్న తన పాత మగ్గంలోకి దిగినాడు. మోకాళ్లు రెండు చేతులతో పట్టుకొని, గుంతలోకి కాళ్లు ఒక్కొక్కటే దించినాడు. లింగన్న నోరు తెరుచుకొని చూసినాడు. "కూర్చొని కూర్చొని పని మర్చిపోతాండా" అన్నాడు మామ. నేస్తే నేసినాడు గానీ, కథ రంజుమీదికి వచ్చిందంటే చాలు.

"పోగు!"

సమీనా ఆగింది. మగ్గాలు ఆగినాయి. మామ కళ్లద్దాలు వెతుక్కున్నాడు, తుడుచుకున్నాడు, పోగు కొన వెతికినాడు, అతికినాడు. "చదువు!"

ఇంకో పేజీ. అన్నదమ్ములు కొట్లాడుకుంటాండారు, అన్న చేయెత్తినాడు.

"పోగు!"

మూడు నాలుగు రోజులకు షెడ్డంతా సణుగుడు. "ఏమప్పా, నీ ఒక్కని మగ్గం మీదనే తెగుతాయా పోగులు?" అన్నారు. "పట్టు మంచిది కాదు" అన్నాడు మామ. లింగన్నకు రోషమొచ్చింది. నాకు మాత్రం కనపడింది. నా మగ్గం ఆయన పక్కనే. ఆయన ఎడమ చేతి బొటనవేలు గోరు, పడుగు మీద ఒక పోగును పట్టుకొని కాచుకొని ఉండేది. కథ మంచి పట్టుకు రాగానే, టక్. నాకు కోపం రావాల్సింది. రాలేదు. సమీనా చదువు ఆగితే నాకూ ఎక్కడో చల్లగానే ఉండింది.

అయితే ఒకటి అర్థం కాలేదు. మొదట్లో ఆయన మొగంలో కసి కనపడేది. కథ ముందుకు పోయే కొద్దీ కసి పోయి బెదురు వచ్చింది. అన్నం సరిగా తినడంలేదని అత్త చెప్పింది. కథలో బావి లోతయ్యే కొద్దీ ఆయన పోగులు ఎక్కువ తెంపినాడు. ఏందో చూద్దామని ఒక సాయంత్రం సమీనాను అడిగి పుస్తకం ఇంటికి తెచ్చుకున్నా. కూర్చునే ఓపిక నాకు లేదని మేడం చెప్పింది నిజమే, నేరుగా చివరికి పోయినా.

నీళ్లు పడలేదు. పుస్తకంలో నీళ్లు పడనే పడలేదు. బావి గోడ కూలి వీరేష్ చచ్చిపోయినాడు.

మామ అందరికీ లేని నీళ్లు చదివినాడు. ఒక ముసలామె ఆ లేని నీళ్లను నమ్మి మనవడికి పేరు పెట్టుకుంది. ఇప్పుడు సమీనా ఉన్నది ఉన్నట్లు చదువుకుంటా ఆ గోడ దగ్గరికి వస్తాంది. నెల ఆఖర్న చేతులెత్తడం సంగతి అటుంచు, ఆ పేజీ చదివినాక చదివే శ్రీరంగప్ప అనే మనిషే ఉండడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పుస్తకం తిరిగి పెట్టెలో పెట్టేసినా.

ఆ పేజీ మధ్యాహ్నం మూడు దాటినాక వచ్చింది. రేకుల కింద ఎండ ఉడికిస్తాంది. సమీనా చదువుతాంది. వీరేష్ బావిలో ఉన్నాడు, పైన అన్న తాడు పట్టుకున్నాడు, గోడలోంచి మట్టి కొంచెం కొంచెం రాలుతాంది.

"పోగు!"

మామ గొంతు ఎప్పటిలా లేదు, పగిలింది. మగ్గాలు ఆగినాయి. ఆయనకు కొన దొరకడంలేదు. ఎంతసేపటికీ "చదువు" అనడంలేదు. సమీనా పుస్తకంలో వేలు పెట్టుకొని లేచి వచ్చింది. ఆయన మగ్గం మీదికి వంగి ఒక్క నిమిషంలో పోగు అతికేసింది. అతికి, తెగిన ముక్క కొన వెలుగుకు పెట్టి చూసింది.

"మామా, ఇది తెగిన పోగు కాదు. తెంపిన పోగు. ఎందుకు ఇట్ల చేస్తాండావు?"

మామ గొణిగినాడు. పక్కనున్న నాకు కూడా వినపడకూడదని గొణిగినాడు.

"చదవొద్దు పాపా. వీరేష్ సస్తాడు. నేను వాళ్లకు బతికించి చెప్పినా."

మైకు ఆ పిల్ల మెడలోనే ఉంది. ఆమె వంగి ఉంది కాబట్టి మైకు ఆయన మూతికి జానెడు దూరంలో ఉంది. నడుము దగ్గరి స్పీకరు ఆ మాటను ఆఖరి మగ్గం దాకా, వసారా దాకా మోసింది. అన్ని మగ్గాలనూ ఆపింది ఆయనే. ఒక్క మగ్గం ఆడుతున్నా ఆ మాట సగం చప్పుడులో పోయేది.

రామాంజినమ్మ చేతిలో కండె పట్టుకొని గడపలోకి వచ్చింది.

"ఎవురు సస్తారు?"

అందరూ మామ వైపు తిరిగినారు.

"ఏమప్పా రంగప్పా, నిన్నే. ఎవురు సచ్చేది?"

"కతలో" అన్నాడు మామ తల వంచుకొని.

"నువ్వు నీళ్లు పడినాయంటివే?"

"పళ్లేదు."

"ఇన్నేండ్లు మాకు అబద్దాలు చదివినావా?" అన్నాడు వెనక మగ్గంలోంచి వీరేష్ తండ్రి, అంటే రామాంజినమ్మ కొడుకు. "నా కొడుక్కు సచ్చినోని పేరు పెట్టిచ్చినావా?"

అప్పుడు మామకు కూడా రోషం వచ్చింది. గుంతలోంచే అరిచినాడు. "ఏం చేయమంటావురా? మొట్టమొదట ఒక సావు కత చదివితి. నా పెండ్లామే ఆ మూల మగ్గంలో ఉండింది. ఏడ్చింది. కండ్లనీళ్లు చీర మీద పడినాయి. పట్టు మీద తడి చుక్క పడితే మచ్చ పోతాదా? చీర పాయ. మల్ల సావు కతలు చదివితే కుర్చీ తీసేస్తానని లింగన్న నాయన అనె. ఆ పొద్దు నుంచి నా నోట్లో ఎవ్వురూ సావలేదు. పుస్తకాల్లో ఎంతమంది సచ్చినా నేను సావనియ్యలేదు."

అత్త ఇప్పటికీ ఆ చీర మాట వస్తే మొగం తిప్పుకుంటుంది. అది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

రామాంజినమ్మ చేతిలోని కండె కింద పెట్టింది. తర్వాత అందరి వైపు తిరిగింది.

"మగ్గాల కాడి నుంచి లేయండి. అందరూ వసారాలోకి రాండి. ఏడ్చేది ఆడ ఏడ్చుకోవచ్చు, ఆడ పట్టు లేదు. పాపా, నువ్వు చదువు. ఏముంటే అది చదువు."

లేచి పోయినాం. మామ గుంతలోంచి ఎక్కలేకపోతే నేనూ వీరేష్ నాయనా చెరో రెక్క పట్టి లేపినాం. సమీనా వసారా మెట్టు మీద కూర్చొని, మైకు తీసి పక్కన పెట్టి చదివింది. గోడ కూలింది. అన్న చేతిలో తాడు వదులైపోయింది. రామాంజినమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చదవడం అయిపోయినాక కూడా ఎవరూ లేవలేదు. మామ గోడకు ఆనుకొని, అందరికంటే ఎక్కువ ఏడ్చినాడు. బడి వదిలి వచ్చిన పిల్లోడు వీరేష్ సంచి తగిలించుకొని గేటులో నిలబడి, "ఏమైందవ్వా?" అన్నాడు. ఆమె వాణ్ని దగ్గరికి లాక్కొని తల నిమిరింది.

నెలాఖర్న అరుణజ్యోతి మేడం వచ్చింది. చేతులెత్తమనింది. సమీనాకు దాదాపు అన్ని చేతులూ లేచినాయి. మామ చెయ్యి కూడా లేచింది, అందరూ చూస్తాండారని. నా చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది.

రామాంజినమ్మ మాత్రం ఎత్తలేదు. "మేడం, శనివారం మాకు రంగప్ప కావల్ల" అనింది.

"ఎందుకవ్వా?"

"వీరేష్ కత చదివేదానికి. తన మాదిరి. నీళ్లు పడే మాదిరి."

"పుస్తకంలో లేనిది చదవడమేంది? సంఘం ఒప్పుకోదు."

"సంఘం పుస్తకాలకు పెద్ద. మా చెవులకు కాదు. మా మనవడు వింటానంటాండాడు. అబద్దమని తెలిసే వింటాం, నీకేమి?"

మేడం తన పుస్తకంలో రాసుకుంది. శనివారం మామదయింది.

ఆ శనివారం మామ తలకు నూనె రాసుకొని వచ్చినాడు. మజ్జిగ తాగినాడు. కుర్చీలో కూర్చొని, సమీనా వైపు చేయి చాచినాడు. "మైకు ఇయ్యి పాపా."

"టమాటాలు అమ్ముతావా మామా?" అనింది, ఇయ్యలేదు.

ఆయన ఉత్త గొంతుతోనే మొదలుపెట్టినాడు. పుస్తకం చేతిలో తెరిచే ఉంది, కండ్లు పుస్తకం మీదనే, నోట్లో మాత్రం వేరే కథ. అబద్ధమని అందరికీ తెలుసు. తెలిసి కూడా మగ్గాల దెబ్బ మెత్తబడింది. సమీనా చదివినప్పుడు కూడా ఇంత మెత్తబడలేదు. చిన్నోడు వీరేష్ అవ్వ ఒడిలో నోరు తెరుచుకొని కూర్చున్నాడు. గడపలో నిలబడి ఉన్న సమీనా ఎవరెవరు వింటాండారో ఒక్కొక్కరినే చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అదే గడపలో, అదే చూపు మామ కండ్లలో చూసినా. ఊరికే నిలబడి ఏం చేయాలన్నట్లు మెల్లగా వచ్చి, ఖాళీగా ఉన్న మామ మగ్గంలోకి దిగింది. నేయడం మొదలుపెట్టింది.

బావి లోతయింది. మట్టి చల్లగా తగిలింది. మామ కుర్చీ అంచు మీదికి వచ్చినాడు. "వీరేష్ గడ్డపార ఎత్తినాడు. ఒక్క పోటు. మొన బయటికి తీసి చూసినాడు. చూస్తే..."

"పోగు!"

షెడ్డంతా అయ్యో అనింది. రామాంజినమ్మ సమీనాను తిట్టింది. మామ పుస్తకం మూసి, మెల్లగా నడుచుకుంటా వచ్చి, కళ్లద్దాలు పెట్టుకొని, పోగు కొన వెలుగుకు పట్టుకొని చూసినాడు. చాలాసేపు చూసినాడు. ఆయన మొగం వెలిగిపోయింది.

"గోరు బాగా పెంచినావే పాపా" అన్నాడు మెల్లగా.

సమీనా తల ఎత్తలేదు, పోగు అతుక్కుంటా ఉంది.

నేను నా పడుగు మీది నుంచి బొటనవేలు తీసేసుకున్నా. నా గోరు కింద కూడా ఒక పోగు ఉండింది. ఆ పిల్ల నా కంటే ముందు తెంపింది.